ఇంటి వెనక షెడ్డులో పుట్టిన కారు

1896 జూన్ 4వ తేదీ. ఇంకా తెల్లవారలేదు. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో బ్యాగ్లీ ఎవెన్యూ 58వ నంబరు ఇంటి వెనక, ఒక ఇటుకల షెడ్డులో ఇద్దరు మనుషులు దీపం వెలుగులో ఒక బండి చుట్టూ తిరుగుతున్నారు. నెలల తరబడి పడిన శ్రమ ఆ రాత్రికి ఒక కొలిక్కి వచ్చింది. బండిని వీధిలోకి నెట్టి ఇంజను నడిపి చూడడమే తరువాయి. తీరా నెట్టబోతే ద్వారం చాలలేదు. బండి వెడల్పు ఎంత ఉండాలి, బరువు ఎంత ఉండాలి అని అంగుళాల లెక్కన ఆలోచించిన మనిషికి ఆ బండి బయటకు ఎలా వెళుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆ మనిషి హెన్రీ ఫోర్డ్. వయస్సు 32 ఏళ్ళు. ఎడిసన్ కరెంటు కంపెనీలో ఉద్యోగి. అతడు మరేమీ ఆలోచించకుండా గొడ్డలి అందుకుని తలుపు పక్క గోడను పగలగొట్టాడు. ఇల్లు సొంతం కాదు, అద్దెది. షెడ్డూ అంతే.

ఫోర్డ్ 1863 జూలై 30న మిచిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ దగ్గర ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి విలియం ఐర్లండ్ నుంచి వలస వచ్చి స్థిరపడినవాడు. పెద్ద కొడుకు సేద్యం అందుకుంటాడని ఆయన ఆశ. కొడుక్కి పొలం పని మీద మనసు నిలవలేదు. గడియారం చేతికి చిక్కితే విప్పి, మళ్ళీ బిగించేదాకా ఊరుకునేవాడు కాదు. 1876లో తల్లి మేరీ కన్నుమూసింది. ఆ సంవత్సరమే, తండ్రితో కలసి బండి మీద పోతూ, ఆ కుర్రవాడు రోడ్డు మీద ఎద్దులూ గుర్రాలూ లేకుండా తనంతట తాను కదలి వస్తున్న ఒక ఆవిరి యంత్రాన్ని చూశాడు. నూర్పిడికి వాడే యంత్రం అది. బండి దిగి పరుగెత్తి దాని డ్రైవరును ప్రశ్నలతో ముంచెత్తాడు. తన జీవితం ఆనాడే మలుపు తిరిగిందని ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు.

16వ ఏట డెట్రాయిట్ చేరి మిషను షాపుల్లో పని నేర్చుకున్నాడు. వచ్చే కూలి తిండికీ బసకూ సరిపోక రాత్రుళ్ళు గడియారాలు బాగుచేశాడు. 1882లో ఊరికి తిరిగి వచ్చి, ఇరుగుపొరుగు రైతుల ఆవిరి యంత్రాలను నడుపుతూ, మరమ్మతు చేస్తూ గడిపాడు. 1888లో క్లారా బ్రయంట్‌ను వివాహమాడాడు. తండ్రి ఇచ్చిన భూమిలో చెట్లు కొట్టించి, రంపపు మిల్లు పెట్టి, సొంత ఇల్లు కూడా కట్టుకున్నాడు. ఇక కుదురుకున్నాడని అందరూ అనుకున్నారు.

కానీ 1891లో ఫోర్డ్ ఆ ఇంటినీ ఆ భూమినీ వదిలి, నెలకు 45 డాలర్ల జీతం మీద డెట్రాయిట్ కరెంటు కంపెనీలో చేరాడు. గుర్రం లేని బండికి పెట్రోలు ఇంజనే తగినదని, ఆ ఇంజను చేయాలంటే కరెంటు నిప్పురవ్వ గురించి తెలియాలని అతడి ఆలోచన. మెట్టినింటి ఊరినీ, కొత్తగా కట్టుకున్న ఇంటినీ విడిచి పట్నంలో అద్దె ఇంటికి వెళ్ళడం క్లారాకు కష్టమే అయింది. అయినా వెళ్ళింది. ఫోర్డ్ కథ చెప్పేవారు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆమె ఆనాడు కాదని ఉంటే తరవాతి కథ ఏమయ్యేదో!

1893 నవంబరు 6న కొడుకు ఎడ్సెల్ పుట్టాడు. ఆ ఏడు క్రిస్మస్ ముందు రాత్రి క్లారా వంటింట్లో మర్నాటి విందు పనుల్లో మునిగి ఉంది. ఏడు వారాల పసివాడు పక్క గదిలో నిద్రపోతున్నాడు. ఫోర్డ్ ఒక చెక్క పలక మీద బిగించిన చిన్న ఇంజనును తెచ్చి గిన్నెలు కడిగే సింకు దగ్గర నిలబెట్టాడు. సిలిండరు ఒక పైపు ముక్క. ఫ్లైవీలు పాత లేతు నుంచి ఊడదీసిన చక్రం. కార్బురేటరు లేదు కనుక పెట్రోలును చుక్క చుక్కగా పోసే పని క్లారా మీద పడింది. నిప్పురవ్వ కోసం వంటింటి దీపం నుంచే తీగ లాగాడు. ఫోర్డ్ చక్రం తిప్పాడు. రెండుమూడు ప్రయత్నాల తరవాత ఇంజను అందుకుంది. గది అదిరింది, దీపం రెపరెపలాడింది, మంట పైకి చిమ్మింది. ఫోర్డ్ కాసేపు చూసి ఆపేశాడు. అతడికి కావలసింది తేలిపోయింది. ఇక దీనికన్నా పెద్దది చేయాలి. అది వంటింట్లో సాగే పని కాదు.

ఆ పని ఇంటి వెనక షెడ్డులోకి మారింది. షెడ్డులో సగం పక్క వాటా వారిది. ఫెలిక్స్ జూలియన్ అనే పెద్దాయన అందులో బొగ్గు, కట్టెలు వేసుకునేవాడు. ఫోర్డ్ పని చూసి ముచ్చటపడి తన సామాను తీసేసి, చోటంతా అతడికే వదిలేశాడు. సాయంత్రాలు వచ్చి పని చూస్తూ కూర్చునేవాడు. కరెంటు కంపెనీలోని స్నేహితులు జేమ్స్ బిషప్, జార్జ్ కేటో, స్పైడర్ అని అందరూ పిలిచే ఎడ్వర్డ్ హఫ్ తమ డ్యూటీ అయ్యాక వచ్చి చేయి కలిపేవారు. ఖర్చంతా ఫోర్డ్ జీతంలో నుంచే. ఇంటి లెక్కలు సరిచూసుకోవలసింది క్లారా.

ఆ రోజుల్లో కారు విడిభాగాలు అమ్మే దుకాణం ప్రపంచంలో లేదు. ప్రతి ముక్కా చేసుకోవాలి, లేదా మరో పని కోసం చేసినదాన్ని ఇందులో ఇమిడ్చుకోవాలి. ఫోర్డ్ సిలిండర్లను పాత ఆవిరి ఇంజను పొగగొట్టంలో నుంచి కోసి తీశాడు. రెండు సిలిండర్లు, రెండున్నర అంగుళాల వ్యాసం, ఆరు అంగుళాల స్ట్రోకు. చక్రాలు సైకిలు చక్రాలు. స్టీరింగుకు బదులు పడవ చుక్కానికి ఉండేలాంటి కర్ర. హారనుకు బదులు ఇంటి తలుపు గంట. ఇంజను శక్తి తోలు బెల్టు మీదుగా, అక్కడి నుంచి గొలుసు మీదుగా వెనక ఇరుసుకు అందుతుంది. ఒక బెల్టు బిగిస్తే గంటకు 10 మైళ్ళు, రెండోది బిగిస్తే 20 మైళ్ళు. రెండూ వదులైతే ఇంజను తిరుగుతున్నా బండి నిలిచి ఉంటుంది. రివర్సు లేదు. బ్రేకూ లేదు.

డెట్రాయిట్ వీధుల్లో మొట్టమొదట పెట్రోలు బండి నడిపిన ఘనత ఫోర్డ్‌ది కాదు. చార్లెస్ కింగ్ అనే ఇంజనీరు 1896 మార్చి 6న, అంటే మూడు నెలల ముందే, తన బండిని నడిపించాడు. దాని వెనక సైకిలు తొక్కుతూ వెళ్ళి చూసినవాడు ఫోర్డ్. తన కంటే ముందు మరొకడు గెలిచాడని అతడు కుంగలేదు, కింగ్ కూడా పోటీదారుడని దాచుకోలేదు. తన దగ్గర ఉన్న వాల్వులు కొన్ని ఫోర్డ్‌కు ఇచ్చాడు. కింగ్ బండి బరువు 1300 పౌన్లు, వేగం గంటకు అయిదు మైళ్ళు. ఫోర్డ్ గ్రహించిన కిటుకు ఇక్కడే ఉంది. ఇంజను శక్తి పెంచడానికి ముందు బండి బరువు తగ్గించాలి. నాలుగు హార్స్‌పవర్ల ఇంజనుతోనే అతడి బండి కింగ్ బండికి నాలుగింతల వేగం అందుకున్నదంటే కారణం అది 500 పౌన్లే తూగడం. ఈనాటికీ రేసు బండి కట్టేవారు మొదట వేసుకునే లెక్క అదే.

మళ్ళీ ఆ జూన్ రాత్రికి వద్దాం. గోడ పడింది. వాన తడికి రోడ్డు మెరుస్తున్నది. క్లారా గొడుగు పట్టుకుని నిలబడింది. ఫోర్డ్ ఇంజను స్టార్టు చేసి సీటు మీద కూర్చున్నాడు. గుర్రపు బండ్లు ఎదురైతే హెచ్చరించడానికి బిషప్ ముందు సైకిలు మీద సాగాడు. వీధులు దాటి వాషింగ్టన్ బులెవార్డు చేరాక బండి ఆగిపోయింది. ఏదో చిన్న స్ప్రింగు విరిగింది. పక్కనే కాడిలాక్ హోటలు. అంత అపరాత్రి అక్కడ ఉన్న కొందరు బయటకు వచ్చి వింతగా చూశారు. కరెంటు కంపెనీ స్టేషను దగ్గరే కనుక అక్కడి నుంచి సామాను తెచ్చి బాగుచేసుకుని ఇల్లు చేరారు. టిఫిను తిని ఇద్దరూ యథాప్రకారం డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఇంటి యజమాని విలియం రెఫర్డ్ వచ్చి గోడ చూసి మండిపడ్డాడు. బండిని చూపించాక ఆయన కోపం చల్లారింది. గోడ మళ్ళీ కట్టిస్తే బండి లోపలికి ఎలా వస్తుందని ఆయనే అడిగి, ఆ చోట వెడల్పాటి తలుపులు పెట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఆ ఆగస్టులో న్యూయార్కు దగ్గర కరెంటు కంపెనీల వారి విందులో ఫోర్డ్‌ను థామస్ ఎడిసన్‌కు పరిచయం చేశారు. కరెంటుకే జీవితం ధారపోసిన ఎడిసన్, పెట్రోలు బండి పని మానవద్దని ఆ కుర్ర ఉద్యోగిని ప్రోత్సహించాడు. ఫోర్డ్ తన మొదటి బండిని 200 డాలర్లకు అమ్మి, రెండోది మొదలుపెట్టాడు. కానీ కంపెనీ ఎంతకాలం ఊరుకుంటుంది? పైస్థాయి పదవి ఇస్తాం, ఆ పెట్రోలు ఇంజను వదిలెయ్యి అన్నది. చేతిలో ఉన్నది నికరమైన జీతం. ఇంట్లో భార్య, అయిదేళ్ళ కొడుకు. 1899 ఆగస్టులో ఫోర్డ్ రాజీనామా ఇచ్చాడు. ఈసారి కూడా క్లారా అడ్డు చెప్పలేదు.

అదృష్టం వెంటనే వరించలేదు. పెట్టుబడిదారులతో కలసి పెట్టిన మొదటి కంపెనీ మూతపడింది. రెండో దాని నుంచి 1902లో అతడు బయటకు రావలసి వచ్చింది. ఆ కంపెనీయే తరవాత కాడిలాక్ అయింది. ఈ మధ్యలో అతడి పేరు నిలబెట్టింది రేసులు. 1901 అక్టోబరు 10న గ్రాస్ పాయింట్ పందెంలో 26 హార్స్‌పవర్ల సొంత కారుతో, అప్పటికే పేరుమోసిన అలెగ్జాండర్ వింటన్‌ను ఓడించాడు. ఆ కారు ఇగ్నిషను కాయిలుకు పింగాణీ తొడుగు చేసి ఇచ్చింది ఒక పళ్ళ డాక్టరు! మలుపుల్లో కారు తిరగబడకుండా పక్కన వేలాడుతూ కూర్చున్నది షెడ్డు నాటి స్నేహితుడు స్పైడర్ హఫే. 1904 జనవరి 12న గడ్డకట్టిన సెయింట్ క్లెయిర్ సరస్సు మీద, తాను కట్టించిన 999 అనే భీకర రేసు కారుకు జోడుగా చేసిన కారును ఫోర్డ్ స్వయంగా గంటకు 91 మైళ్ళ పైచిలుకు వేగంతో నడిపి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మంచు మీద నడిపింది బ్రేకు లేని బండి మొదలుపెట్టిన మనిషి అని గుర్తుంటే ఆశ్చర్యం అనిపించదు.

తక్కినది లోకం ఎరిగినదే. 1903లో ఫోర్డ్ మోటార్ కంపెనీ, 1908లో మోడల్ టి, 1913లో కదిలే అసెంబ్లీ లైను, 1914లో కార్మికునికి రోజుకు 5 డాలర్లు. 1927 దాకా కోటిన్నర మోడల్ టి కార్లు తయారయ్యాయి. అదే చేతుల మీదుగా చెడ్డ పనులూ సాగాయి. 1920 నుంచి తన పత్రికలో యూదుల మీద విషం కక్కించి, కోర్టు కేసు మీదికి వచ్చాక 1927లో క్షమాపణ చెప్పుకున్నాడు. 1937లో కంపెనీ మనుషులు యూనియన్ నాయకులను ఫ్యాక్టరీ వంతెన మీద చితకబాదారు. 1938లో హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన బిరుదు పతకాన్ని పుచ్చుకున్నాడు. పొరుగువాడి సగం షెడ్డుతో, స్నేహితుల చేతి సాయంతో పైకి వచ్చిన మనిషి ఇలా మారాడేమిటని అతడి జీవితం చదివినవారికి అనిపించక మానదు. గాంధీజీ 1941లో తన సంతకంతో ఒక రాట్నాన్ని ఫోర్డ్‌కు పంపారు. దాన్ని అందుకుని అతడు పదిలంగా దాచుకున్నాడు.

1904లోనే తన మొదటి బండిని 65 డాలర్లకు తిరిగి కొనుక్కున్నాడు. అది నేటికీ మ్యూజియంలో ఉంది. షెడ్డు మాత్రం దక్కలేదు. అందుకని 1933లో డియర్‌బార్న్‌లోని తన గ్రీన్‌ఫీల్డ్ విలేజిలో దాని నమూనాను కట్టించాడు.

1943లో కొడుకు ఎడ్సెల్ 49 ఏళ్ళకే మరణించాడు. 1947 ఏప్రిల్ 7న రూజ్ నదికి వరద వచ్చి ఫోర్డ్ భవనానికి కరెంటు ఇచ్చే పవర్‌హౌసు ఆగిపోయింది. ఆ రాత్రి కొవ్వొత్తుల వెలుగులో, క్లారా పక్కన ఉండగా, ఫోర్డ్ తన 83వ ఏట కన్నుమూశాడు. మూడేళ్ళకు ఆమె కూడా వెళ్ళిపోయింది.

బ్యాగ్లీ ఎవెన్యూలో షెడ్డు ఉన్న చోట 1926లో మిచిగన్ థియేటర్ అనే పెద్ద సినిమా హాలు వెలసింది. 1976లో హాలు మూతపడింది. కూలగొడితే ఆనుకుని ఉన్న ఆఫీసు భవనం దెబ్బతింటుందని గోడలూ పైకప్పూ అలాగే ఉంచి, లోపలి సీట్లన్నీ తీసేసి అంతస్తులు వేశారు. బంగారు రంగు లతల కప్పు కింద, ఫోర్డ్ గోడ పగలగొట్టిన చోట, కార్లు నిలుపుకునే స్టాండు ఏర్పడింది.