సర్వేపల్లి రాధాకృష్ణన్: ఆక్స్‌ఫర్డు, మాస్కో, ఢిల్లీ

ఢిల్లీ నగరమున రష్యన్ విద్యకు ఢిల్లీ విశ్వవిద్యాలయము, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము ప్రధాన స్థానములు. వీని ఆరంభచరిత్రమును పరిశీలించువారికి, రష్యన్ భాషాపండితుడు కాని ఒక తెలుగు ఆచార్యుని జీవితము తోడుపడును. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితమును పదవుల వరుసగా వ్రాయుట వాడుక. పరదేశవిద్యను దృష్టియందుంచుకొని చూచినచో దాని స్వరూపము కొంత వేరుగ కనబడును.

వారు 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువునపుడు మిషనరీలు హిందూధర్మముపై చేయు విమర్శలు వారిని కలవరపెట్టినవి. 1908లో ఎం.ఏ. పట్టమునకై వేదాంతమందలి నీతిశాస్త్రమును గూర్చి వ్రాసిన వ్యాసము ఆ విమర్శలకు సమాధానము. ప్రతివాది పరిభాషలోనే స్వసిద్ధాంతమును నిలుపు పద్ధతి అప్పుడే ఏర్పడినది. దానిని వారు కడవరకు విడువలేదు.

మదరాసు, రాజమహేంద్రవరము, మైసూరులలో బోధించి 1921లో కలకత్తా చేరిరి. భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర ప్రథమ సంపుటము 1923లో లండనున వెలువడెను. అదే యేట అదే నగరమున రష్యన్ బౌద్ధశాస్త్రవేత్త శ్చెర్బాత్‌స్కోయ్, ధర్మశబ్దార్థమును విచారించిన గ్రంథమును ప్రకటించెను. అదియు ఆంగ్లమే. ఒకరు తెలుగువారు, ఒకరు రష్యనులు. ఇరువురి గ్రంథములును కలిసికొన్నది ఆంగ్లపు వాకిట. అయినను ఒక భేదము కలదు. శ్చెర్బాత్‌స్కోయ్ సంస్కృత గ్రంథములను మూలమునందే అభ్యసించి, 1910లో ఈ దేశమునకు వచ్చి పండితుల కడ శాస్త్రము చదివినవాడు. రష్యన్ గ్రంథములను మూలమున చదివి విమర్శింపగలవారు ఆనాటి మన విశ్వవిద్యాలయములలో అరుదు. ఈ అసమానతను మన తత్త్వశాస్త్ర చరిత్రకారులు తగినంతగా గమనించినట్లు తోచదు.

1926లో ఆక్స్‌ఫర్డున ఇచ్చిన ఉపన్యాసములు వారికి ఐరోపాలో కీర్తి తెచ్చినవి. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఆదర్శవాదియైన ఈ వేదాంతి, సామ్యవాదాభిమానియైన యువకుడు హీరేంద్రనాథ్ ముఖర్జీని వాల్తేరునకు పిలిచి అధ్యాపకపదవి నొసగుట ఆ కాలమున చిన్న విషయము కాదు. 1936లో ఆక్స్‌ఫర్డున ప్రాచ్యమతములకును నీతిశాస్త్రమునకును నూతనముగ నెలకొల్పిన స్పాల్డింగ్ పీఠమునకు ప్రథమాచార్యులైరి.

1948, 49లలో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షత వహించి, నివేదిక ముగియగనే మాస్కోకు రాయబారిగ వెళ్లిరి. ఆక్స్‌ఫర్డు పీఠమును వదలలేదు. సంవత్సరమున కొంతకాలము అచ్చట పాఠము చెప్పి మరల మాస్కో చేరుచుండిరి. ఐరోపా రెండు శిబిరములుగ చీలియున్న దినములలో ఒకే వ్యక్తి రెండు వైపుల నిలిచి పనిచేయుట అపూర్వము. ముఖ్యోపనిషత్తుల ఆంగ్లానువాదమును సిద్ధపరచుచుండినది కూడ ఈ సంవత్సరములలోనే. అది 1953లో అచ్చయ్యెను.

తమకు ముందు రాయబారియైన విజయలక్ష్మీ పండిట్ గారికి లభింపని స్టాలిన్ దర్శనము వారికి రెండుమార్లు లభించినది: 1950 జనవరిలోను, 1952 ఏప్రిలులోను. రాయబారి స్టాలిన్ చెక్కిలి నిమిరెనను కథ జనులకు ప్రీతికరము. అంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. కళింగయుద్ధము పిమ్మట అశోకుడు మారిన వృత్తాంతమును చెప్పి, అట్టి పరిణామము ఇచ్చటను జరుగవచ్చునని వారు సూచింపగా, తానును కొన్నియేండ్లు మతపాఠశాలలో చదివినవాడనేనని స్టాలిన్ బదులిచ్చెనని ప్రసిద్ధి. ఈ మాటలన్నియు దుబాసి నోట నడచినవే.

1952లో ఉపరాష్ట్రపతియై, ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు కులపతియైరి. అచ్చట రష్యన్ బోధన 1946లోనే మొదలైయుండెను. 1955లో సప్రూ హౌస్‌నందు అంతర్జాతీయ విద్యాలయము వెలసినది. వారి తత్త్వశాస్త్ర గ్రంథము 1956, 57లలో మాస్కోలో రష్యన్ భాషలో వచ్చినది. వారు రాష్ట్రపతిగా నున్న 1965లో భారత, సోవియట్ ప్రభుత్వముల ఒడంబడికచే ఢిల్లీలో రష్యన్ విద్యాసంస్థ ఏర్పడి, 1969లో నెహ్రూ విశ్వవిద్యాలయమున లీనమయ్యెను. ఈ సంస్థలను వారు స్థాపించిరనుట అతిశయోక్తి యగును. మాస్కోలో తమకు దుబాసి తీర్చిన కొరతను దేశీయులైన విద్యార్థులే తీర్చుకొను ఏర్పాటు వారి పదవీకాలమున రూపుదాల్చెననుట మాత్రము సత్యము.

వారి ప్రధాన గ్రంథములన్నియు ఆంగ్లమున నున్నవి. మాతృభాషయైన తెలుగునకు దక్కినవి అనువాదములు. 1967లో పదవీవిరమణ చేసి మదరాసు చేరిరి. 1975 ఏప్రిలు 17న దివంగతులైరి. అంతకు మూడేండ్లు ముందు, 1972లో, మాస్కోలో తెలుగు–రష్యన్ నిఘంటువు ముద్రితమైనది. సుమారు ముప్పదియైదు వేల పదములు గల ఆ గ్రంథమున తెలుగుమాటకు ఎదుట నేరుగా రష్యన్ మాటయే యున్నది.