పద్మనాభదాస శ్రీ చిత్తిర తిరునాళ్

తిరువనంతపురమున శేషశయనుడై వెలసిన శ్రీ పద్మనాభస్వామికి మార్తాండవర్మ మహారాజు 1750లో తిరువాన్కూరు రాజ్యమును సమర్పించి, తాము పద్మనాభదాసులై పాలించిరి. నాటినుండి ఆ బిరుదము వంశాలంకారమయ్యెను.

ఆ వంశమున 1912లో జన్మించిన శ్రీ చిత్తిర తిరునాళ్ బలరామవర్మ 1931లో పాలనాధికారము స్వీకరించిరి. 1936 నవంబరు 12న ప్రభుత్వాధీన ఆలయముల ద్వారములను హిందువులందరికిని తెరిపించిరి.

1949లో రాజ్యము కొచ్చిన్‌తో విలీనమైనది. 1956 వరకు వారు రాజప్రముఖులుగా నుండిరి. 1971లో రాజ్యాంగ సవరణచే రాజబిరుదములును, రాజభరణములును రద్దయ్యెను. ప్రభుత్వమొసగిన గౌరవమును ప్రభుత్వము తీసికొనవచ్చును. స్వామిదాస్యము అట్టిది కాదు. ఆరాట్టు ఉత్సవమున ఖడ్గము ధరించి, స్వామివెంట శంఖుముఖ సముద్రతీరమునకు నడచుట వారు మానలేదు.

ఆజన్మ బ్రహ్మచారులైన వారు 1991లో పరమపదించిరి. మాతృవంశక్రమమున వారసత్వము సాగు ఆ కుటుంబమున అనుజులు ఉత్రాడం తిరునాళ్ మార్తాండవర్మయు, 2013లో వారి అనంతరము మేనల్లుడు మూలం తిరునాళ్ రామవర్మయు పద్మనాభదాసులైరి. రాజు లేని కాలమున ఈ సేవాధికారము వారసులకు సంక్రమించునా యను వివాదము న్యాయస్థానములకెక్కెను. చివరి పాలకుని మరణముతో అది అంతరింపలేదని 2020లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

సింహాసనము కాలాధీనము, దాస్యము భగవదధీనము.