ఫ్రాంకెన్‌స్టైన్ అంటే రాక్షసుడు కాదు.. 18 ఏళ్లకే ఆ కథ మొదలుపెట్టిన మేరీ షెల్లీ బతుకే ఓ విషాదం!

హారర్ సినిమాలు చూసేవాళ్లకి ఫ్రాంకెన్‌స్టైన్ పేరు కొత్త కాదు. అయితే అది రాక్షసుడి పేరు కాదు, వాడిని తయారుచేసిన సైంటిస్టు పేరు. ఆ రాక్షసుడికి నవలలో అసలు పేరే లేదు. తొలి ముద్రణలో రచయిత్రి పేరు కూడా లేదు!

మేరీ 1797 ఆగస్టు 30న లండన్‌లో పుట్టింది. తండ్రి విలియం గాడ్విన్ తత్వవేత్త. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మహిళల హక్కుల కోసం కలం పట్టిన రచయిత్రి. కూతురు పుట్టిన 11 రోజులకే ఆమె కన్నుమూసింది. 16 ఏళ్ల వయసులో, అప్పటికే పెళ్లైన కవి పెర్సీ షెల్లీతో మేరీ ఇల్లు విడిచి వెళ్లిపోయింది. 1815లో నెలలు నిండకుండా పుట్టిన తొలి బిడ్డ కొద్ది రోజులకే చనిపోయింది.

ఆ ఏడాదే ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని ప్రభావంతో 1816లో యూరప్‌కి ఎండాకాలమే రాలేదు. జెనీవా సరస్సు దగ్గర కవి బైరన్ ఇంట్లో వానకి చిక్కుకున్న మిత్రులు తలా ఒక దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. ఫ్రాంకెన్‌స్టైన్ మొదలైంది అక్కడే.

1818 జనవరి 1న పుస్తకం వచ్చింది. అచ్చయింది 500 కాపీలే. ముందుమాట పెర్సీ రాయడంతో, నవల కూడా ఆయనదే అని చాలామంది అనుకున్నారు. మేరీ పేరు కవర్ లోపలికి ఎక్కింది 1823లో, రెండో ముద్రణకి.

ఈలోపు ఆమె బతుకు కూలిపోయింది. 1818లో కూతురు క్లారా, 1819లో కొడుకు విలియం పోయారు. 1822లో ఇటలీ తీరంలో పడవ మునిగి పెర్సీ చనిపోయాడు. అప్పటికి ఆమె వయసు 24. మిగిలింది ఒక్క కొడుకు. మామగారు కొంత డబ్బు ఇచ్చాడు కానీ, భర్త జీవిత చరిత్ర మాత్రం రాయొద్దని షరతు పెట్టాడు.

అయినా కలం ఆపలేదు. మహమ్మారికి మనుషులంతా పోయి ఒక్కడే మిగిలే కథతో 1826లోనే ద లాస్ట్ మ్యాన్ రాసింది. భర్త కవితలను సేకరించి, వివరణలతో అచ్చు వేయించింది. 1851 ఫిబ్రవరి 1న, 53 ఏళ్లకి లండన్‌లో చనిపోయింది.

పుట్టించినవాడే వదిలేస్తే ఆ ప్రాణి ఏమవుతుంది? ఆమె నవల అడిగింది ఇదే. తల్లిని చూడకుండా పెరిగి, కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి రాసిన కథ కాబట్టే, రెండు వందల ఏళ్లు దాటినా అందులో భయంతో పాటు బాధ కూడా కనిపిస్తుంది.