బళ్ళారి రాఘవాచార్యులవారి నాట్యదీక్ష

పొట్టకూటికొక వృత్తియు, ప్రాణమునకు వేరొక వ్యాపకమును గలవారు లోకమున ననేకులు గలరు. కాని ఆ రెండవదానిని వినోదమాత్రముగా గాక వ్రతముగా బట్టి తుదముట్ట సాగించినవారు మిక్కిలి యరుదు. బళ్ళారి రాఘవాచార్యులవా రట్టి యరుదైనవారిలో నొకరు. పగలు న్యాయస్థానమున వకీలు. రాత్రి రంగస్థలమున నటుడు. మేము వారిని కన్నులార జూచిన తరమువారము కాము. చూచిన పెద్దలు చెప్పగా బాల్యమున విన్నవారము. ఆ ముచ్చటలు చెప్పునపుడు వారి కన్నులలో గనబడిన వెలుగే మమ్మీ చరిత్ర వ్రాయుటకు బురికొల్పినది.

రాఘవాచార్యులవారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, నేటి అనంతపురము జిల్లాలోని తాడిపత్రిలో, నరసింహాచార్యులు శేషమ్మ దంపతులకు జన్మించిరి. బళ్ళారిలో బాల్యవిద్యయు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో నున్నతవిద్యయు ముగించి, 1905లో న్యాయశాస్త్రపట్టము బడసి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడిరి. క్రిమినల్ వ్యాజ్యములలో దిట్ట యనిపించుకొని పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవియు, 1933లో రావుబహదూర్ బిరుదమును బడసిరి. ఇది వారి జీవితమున సగపాలు. చెప్పవలసినది తక్కిన సగము.

వారి మేనమామ యెవరనుకొన్నారు? ఆంధ్రనాటకపితామహుడని లోకము కొనియాడిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. వారును బళ్ళారి వకీలే. సరసవినోదినీ సభను నెలకొల్పి చిత్రనళీయాది నాటకముల నాడించిరి. సంస్కృతనాటకమర్యాద మంగళాంతమును గోరుచుండగా, విషాదసారంగధరమను దుఃఖాంతనాటకమును సాహసించి వ్రాసిన ఘనత వారిది. అదే యూర మరియొక వకీలు, కోలాచలము శ్రీనివాసరావుగారు, సుమనోరమ సభకు నాటకములు వ్రాయుచుండిరి. ఒక్క పట్టణము, ఇద్దరు వకీళ్ళు, రెండు సభలు, నడుమ గట్టి స్పర్ధ! ఆ వాతావరణమున బెరిగిన బాలునకు నాటకపు పిచ్చి పట్టకుండుట యెట్లు? రాఘవాచార్యులవారు షేక్స్పియరు క్లబ్బును స్థాపించి ఆంగ్లనాటకము లాడిరి. మేనమామ నాటకమున హిరణ్యకశిపుడైరి. కోలాచలమువారి రామరాజుచరిత్రములో పఠాను రుస్తుము వేషము ధరించి దేశమంతట బేరొందిరి. కన్నడమునను నటించిరి.

ఇక అసలు సంగతికి వత్తము. ఆనాటి తెలుగు నాటకము గానప్రధానము. నాటకములలో పద్యములను రాగయుక్తముగా బాడించి, పాటలు చేర్చి జనరంజకము గావించిన వారిలో ముఖ్యులు ధర్మవరమువారే. కాని మేనమామ నాటిన మొక్క యింటినే కప్పివేయునంత పెరిగినది. పద్యము ముగిసినను రాగము ముగియదు; హార్మోనియము వెంటబడును; జనము వన్స్‌మోర్ అని కేకలు వేయుదురు; చచ్చిపడిన పాత్ర లేచి మరల పాడి మరల చచ్చును. కథ యేమయినదో యెవరికి గావలయును? రాఘవాచార్యులవా రీ వెల్లువ కడ్డుపడిరి. పద్యమును భావమునకు దగినంత మాత్రమే పలికి, మౌనముతోను చూపుతోను మిగిలినది చెప్పిరి. భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. తెరమరుగున మొదటి మూటికే ముస్తాబు జరుగుచున్న కాలమున, సాత్త్వికమే నటునకు బ్రాణమని వీరు చేసి చూపిరి. సంగీతమును నిరసించుట మా యుద్దేశము కాదు. పాండవోద్యోగవిజయములలోని పద్యములు విని తెల్లవారులు కూర్చుండినవారము మేమును. ఐనను పాట వినవచ్చిన జనమునకు బాట తగ్గించి నాటకము చూపుట యెంత తెగువ! ఇష్టపడినదానిని తప్పు దిద్దవలెనను పట్టుదల పొగడ్తకంటె గొప్ప ప్రేమయని మా యభిప్రాయము.

రెండవ పోరాటము దీనికంటెను గడ్డు. స్త్రీపాత్రలు స్త్రీలే ధరింపవలెనని వారు పట్టుబట్టిరి. స్థానము నరసింహారావుగారివంటి పురుషులు స్త్రీవేషమున నద్భుతముగా రాణించుచున్న దినము లవి. రంగమెక్కిన స్త్రీని లోకము వ్రేలెత్తి చూపు దినములు కూడ. ఈ విషయమున శాస్త్రము రాఘవాచార్యులవారి పక్షమే. కైశికీవృత్తి పురుషులకు జక్కగా సాధ్యము కాదని భరతుడు విన్నవింపగా బ్రహ్మ యప్సరసలను సృజించెనని నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయమున నున్నది. ఆచారము పేరు చెప్పి యడ్డుపడినవారిలో నెందరు దానిని చదివిరో! పాకాల వేంకట రాజమన్నారుగారు రచించిన తప్పెవరిది యను సాంఘికనాటకమున కొమ్మూరి పద్మావతీదేవిగారు వీరితో గలసి నటించిరి. గృహస్థురాలైన విద్యావతి పదిమందియెదుట ముఖమునకు రంగు పూసికొనుట యన్న నాడు సామాన్యమా? నటునకు జప్పట్లు, ఆమెకు జప్పట్లతోబాటు నిందయు. ఆ నిందను మోసిన స్త్రీల ఋణము మన రంగస్థలము నేటికిని దీర్చుకొనలేదు. నాటకమును రచించిన రాజమన్నారుగారు పిమ్మట మద్రాసు హైకోర్టు ప్రధానన్యాయమూర్తులును, సంగీతనాటక అకాడమీకి దొలి అధ్యక్షులును నైరి.

1919లో బెంగుళూరున రవీంద్రనాథ ఠాగూరుగారు వీరి నటన జూచి మెచ్చిరి. 1927లో దీనబంధు కబీరు హిందీనాటకమున గబీరుగా నటింపగా గాంధీమహాత్ములు చూచి యానందించిరి. 1928లో ఇంగ్లండునకు బోయి యచటి నాటకరంగమును బరిశీలించి, బెర్నార్డు షా మహాశయుని దర్శించి వచ్చిరి. ఇంతటి పేరు గడించియు నాటకమును జీవనోపాధిగా గైకొనలేదు. ప్రదర్శనలలో బెక్కు ధర్మకార్యముల సహాయార్థ మాడినవే.

సినిమా వచ్చినది. 1936లో ద్రౌపదీ మానసంరక్షణమున దుర్యోధనుడుగా నటించిరి. అదే యేట వెలువడిన ద్రౌపదీ వస్త్రాపహరణమునకు జనము మొగ్గిరి. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలోను, 1940లో చండికలోను గనబడిరి. అంతటితో సరి. ఎదుట కూర్చున్న ప్రేక్షకుని యూపిరి వినబడనిదే యభినయము పండని తత్త్వము వారిదని మా యూహ. గాజుకన్ను చప్పట్లు కొట్టదు గదా!

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన వారు బళ్ళారిలో గతించిరి. నాటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రములోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరులో జేరినది. ఊరు సరిహద్దు దాటినను ఊరిపేరు రాఘవాచార్యులవారి పేరును వదలలేదు. కన్నడిగులు తమవాడందురు, తెలుగువారు తమవాడందురు. 1981లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్ళ వెలువరించినది. బళ్ళారిలో వారి పేర నాటకశాల యున్నది.