జెనీవా సభలో చక్రవర్తి

ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ 1892 జూలై 23న జన్మించెను. తొలిపేరు తఫారి మకొన్నెన్. ఆయనకు నాలుగవ యేడు నడచుచుండగా, 1896లో, అద్వా రణరంగమున ఇథియోపియులు ఇటలీ సేనను ఓడించిరి. తండ్రి రాస్ మకొన్నెన్ ఆ పోరున సేనానులలో ఒకడు.

1916లో తఫారి రాజప్రతినిధి యయ్యెను. 1923లో తన దేశమును నానాజాతి సమితిలో చేర్పించెను. దుర్బల రాజ్యమునకు సమితి న్యాయమే కోట యని ఆయన నమ్మిక. 1930లో హైలీ సెలాసీ యను పేర పట్టాభిషిక్తుడయ్యెను.

ఆ నమ్మికకు పరీక్ష యెంతో దూరమున లేదు. 1935 అక్టోబరు 3న ముస్సోలినీ సేనలు యుద్ధప్రకటనయైనను లేక సరిహద్దు దాటినవి. ఇథియోపియాలో బానిసత్వము కలదనియు, నాగరకతను నెలకొల్పుట తమ కర్తవ్యమనియు ఇటలీ చాటెను. బానిసత్వము కలదనుట అబద్ధము కాదు. కాని జనులను ఉద్ధరింప వచ్చితి మన్నవారే ఆ జనులపై విషవాయువు కురిపించిరి. ఇంటిలో దోషమున్నదని ఇల్లు ఆక్రమించుకొనుట ఉపకార మెట్లగును? సమితి ఇటలీపై ఆర్థికమైన ఆంక్షలు విధించెను గాని, యుద్ధమునకు ప్రాణమైన చమురును వాటిలో చేర్చలేదు.

1936 మేలో చక్రవర్తి దేశము విడిచెను. జూన్ 30న జెనీవా సభలో, ఇటలీ విలేఖరుల ఈలల నడుమ, తన అంహారిక్ భాషలో చిన్న రాజ్యముల పక్షమున న్యాయ మర్థించెను. కొలది దినములకే సమితి ఆంక్షలను ఎత్తివేయ నిశ్చయించెను.

ఇంగ్లండులో ప్రవాసమున గడపిన పిమ్మట, బ్రిటిషు సేనల తోడ్పాటుతో 1941 మే 5న ఆయన రాజధాని ప్రవేశించెను. మరుసటి యేడు బానిసత్వమును రద్దుచేయుచు తానే శాసనము వెలువరించెను.

ఆయన చరిత్ర ఇంతటితో ముగిసిన బాగుండెడిది. ఐక్యరాజ్యసమితి తీర్మానము ననుసరించి 1952లో స్వపరిపాలనాధికారముతో ఇథియోపియాతో జతపడిన ఎరిత్రియాను, 1962లో ఆయన ప్రభుత్వము ఆ అధికారము తీసివేసి తనలో కలుపుకొనెను. దీర్ఘకాల యుద్ధానంతరము 1993లో గాని ఎరిత్రియా స్వతంత్రము కాలేదు. అంతకు పూర్వమే, 1974లో, సైనికులు చక్రవర్తిని పదచ్యుతుని గావించిరి. 1975 ఆగస్టులో నిర్బంధములోనే ఆయన మరణించెను.

జెనీవాలో ఆయన కోరిన న్యాయము ఈనాటికిని న్యాయమే. దానిని ఎరిత్రియులకు ఆయన నిరాకరించినందున అది అసత్యము కాదు. బలవంతుని యెదుట న్యాయము కోరిన రాజు, తాను బలవంతుడైన నాడు దానిని మరచినాడని మాత్రము చరిత్ర వ్రాసికొనక తప్పదు.