బోడో భార్యకీ చరిత్రలో చోటిచ్చిన టీచరమ్మ

చిన్నప్పుడు మనకి హిస్టరీ అంటే ఏమిటి? రాజులూ, యుద్ధాలూ, బట్టీ పట్టాల్సిన తేదీలూ. రాజుగారు యుద్ధానికి వెళ్తే ఊళ్ళో పొయ్యి మీద ఏం ఉడికిందో, పిల్లల్ని ఎవరు చూసుకున్నారో ఏ పాఠంలోనూ ఉండేది కాదు. అదీ చరిత్రేనని నమ్మి, జీవితమంతా ఆ పాఠమే చెప్పిన ఇంగ్లండు టీచరమ్మ ఐలీన్ పవర్.

1889లో మాంచెస్టర్ దగ్గర ఆల్ట్రిన్‌చమ్‌లో పుట్టింది. తండ్రి షేర్ల వ్యాపారి. ఆమె పసిపిల్లగా ఉండగానే మోసం కేసులో జైలుకెళ్ళాడు. డబ్బూ పోయింది, పరువూ పోయింది. ఐలీన్‌కి పధ్నాలుగేళ్ళప్పుడు తల్లి క్షయతో కన్నుమూసింది. మిగిలింది ముగ్గురు ఆడపిల్లలు. అందరిలోకీ ఐలీనే పెద్దది. తల్లి తరఫు వాళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లో చేరదీసి చదివించారు. ఆడపిల్లకి చదువే ఆస్తి అంటారే, ఆమె విషయంలో అది అక్షరాలా నిజం.

కేంబ్రిడ్జి గర్టన్ కాలేజీలో చదివి 1910లో చరిత్రలో ఫస్ట్‌క్లాసు తెచ్చుకుంది. క్లాసు వచ్చింది గానీ డిగ్రీ ఇవ్వలేదు! ఆడవాళ్ళకి కేంబ్రిడ్జి పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో. అప్పటికి ఐలీన్ పోయి ఎనిమిదేళ్ళు. అలాగని అలిగి కూర్చోలేదు. 1913 నుంచి అదే గర్టన్‌లో పాఠాలు చెప్పింది.

1920లో ఫెలోషిప్ మీద ప్రపంచయాత్రకి బయల్దేరి మన దేశమూ వచ్చింది. నాగపూర్ కాంగ్రెసు సభలు చూసింది, గాంధీజీని కలిసింది. తిరిగి వెళ్ళాక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరి, 1931లో ఆర్థిక చరిత్ర ప్రొఫెసరయింది.

ఆమె పద్ధతి ఎలాంటిదంటే, 1924లో రాసిన 'మెడీవల్ పీపుల్' చూడాలి. ప్యారిస్ దగ్గరి ఒక మఠం వాళ్ళ భూముల లెక్కల పుస్తకంలో బోడో అనే రైతు, అతని భార్య ఎర్మెంట్రూడ్, ముగ్గురు పిల్లలు, వాళ్ళు కట్టాల్సిన కోళ్ళూ గుడ్లూ ఉన్నాయి. పన్నెండు వందల ఏళ్ళనాటి ఆ నాలుగు ముక్కల్లోంచి ఆ ఇంటి రోజంతా మన కళ్ళ ముందు పెట్టింది. పిల్లలు ప్రపంచ చరిత్ర చదివితే పక్కదేశాన్ని శత్రువుగా చూడరని ఆమె నమ్మకం. అందుకే చెల్లెలు రోడాతో కలిసి బడిపిల్లలకి పుస్తకాలు రాసింది, రేడియో పాఠాలూ చెప్పింది.

ఇంత చదువుకున్నావిడ ముతకచీర మేష్టారిలా ఉంటుందనుకుంటున్నారా? ప్యారిస్ ఫ్యాషన్ దుస్తులంటే చచ్చేంత ఇష్టం. ఇంట్లో వంటగదిలోనే స్నేహితులకి డాన్సు పార్టీలిచ్చేది. 1937లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, తనకన్నా పదేళ్ళు చిన్నవాడూ, ఒకప్పటి తన శిష్యుడూ అయిన మైఖేల్ పోస్టన్‌ని పెళ్ళాడింది. ఆ కాపురం మూడేళ్ళే. 1940 ఆగస్టులో గుండెపోటుతో హఠాత్తుగా పోయింది. మధ్యయుగపు స్త్రీల మీద ఆమె ఇచ్చిన ఉపన్యాసాల్ని 1975లో భర్తే పుస్తకంగా తెచ్చాడు.

మనింట్లో అమ్మమ్మ రాసుకున్న పాలలెక్కల పుస్తకం ఎక్కడైనా ఉందేమో వెతకండి. పాతకాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి తిరగేయండి. అందులోనూ ఒక ఎర్మెంట్రూడ్ ఉంటుంది.