అబ్రాహాము ట్రెంబ్లే చరిత్రము

హైడ్రా యనునది మంచినీటి మడుగులలో నీటిమొక్కల నంటుకొని బ్రదుకు చిన్న ప్రాణి. సాధారణముగా అర అంగుళమునకు మించదు. మన దేశపు చెరువులలోను గలదు. దాని గుట్టును లోకమునకు దెలిపినవాడు ఇద్దరు బాలురకు పాఠములు చెప్పుకొను నొక యుపాధ్యాయుడు. అదే వృత్తిలోనున్న మాకు ఈ సంగతి కొంత గర్వకారణమే.

అబ్రాహాము ట్రెంబ్లే 1710 లో జెనీవా నగరమున జన్మించెను. గణితము నభ్యసించి, జీవనార్థమై హాలెండు దేశమునకు బోయి, హేగు నగరము చెంత బెంటింకు ప్రభువుగారి కుమారులకు గురువయ్యెను. 1740 వేసవిలో మడుగునీటిని గాజుపాత్రలలో నుంచి పరీక్షించుచుండగా ఆకుపచ్చని సన్నని కాడలు కనబడెను. అవి మొక్కలని తలంచెను. అయితే పాత్రను కదల్చగానే అవి ముడుచుకొనెను. వెలుతురు వైపునకు మెల్లగా జరిగెను. వాని చేతుల సంఖ్య మాత్రము, చెట్టుకొమ్మలవలె, ఒకదానికున్నట్లు మరియొకదానికి లేదు. ఇది మొక్కయా, జంతువా?

తేల్చుటకై నవంబరు 25 వ తేదీన నొకదానిని అడ్డముగా రెండు ముక్కలు చేసెను. రెండును బ్రదికినచో మొక్కయే యని ఆయన తలంపు. కొలది దినములలో తలభాగమునకు పాదమును, పాదభాగమునకు నోరును చేతులును మొలిచెను. కాని ఆ మొక్క పురుగులను బట్టి మ్రింగుచుండెను! తన యూహకు లొంగని యీ సంగతిని ఆయన దాచలేదు. ప్రాణముతోనున్న హైడ్రాలనే పారిసులోని రెయోమూరు పండితునకును, పిమ్మట లండనునకును పంపెను. కోసి చూచినవారందరును నమ్మిరి. 1743 లో లండను రాయల్ సొసైటీ వారు ఆయనకు కాప్లీ పతకము నొసగిరి. 1744 లో ఆయన గ్రంథము వెలువడెను.

ఆయన చేసిన పనులలో మిక్కిలి వింతయైనది మరొకటి. పందివెండ్రుకతో హైడ్రాను, చేసంచిని తిరగవేసినట్లు, లోపలిది వెలుపలికి వచ్చునట్లు త్రిప్పెను. అది బ్రదికి ఆహారము తినెను. లోచర్మము వెలిచర్మముగను, వెలిచర్మము లోచర్మముగను మారెనని ఆయన నిశ్చయించెను. ఇక్కడ మాత్రము ఆయన పొరబడెను. అది ఆయన లోపము కాదు. కణసిద్ధాంతము 1839 వరకు రూపొందలేదు.

హైడ్రా దేహమున రెండే కణపు పొరలు గలవు. నడుమ కణములు లేని జిగురుపొర. వెలిపొరలో దేహమును కప్పుచు ముడుచుకొనజేయు కణములు, ఎరను కుట్టు దంశకణములు, నాడీకణములు గలవు. లోపొరలో జీర్ణరసమూరు గ్రంథికణములును, ఆహారమును గ్రహించు కణములును గలవు. సందులలో నుండు చిన్నకణములు దంశకణములుగను నాడీకణములుగను మారగలవు. మన నారాయణపేట చీరను తిరగవేసినంతమాత్రమున వెనుకవైపు ముందువైపు కాదు గదా! త్రిప్పబడిన హైడ్రాలోను కణములు తమ స్వభావమును మార్చుకొనవు. తిరిగి జరిగి తమ తావులకే చేరును. ఇది తరువాతి పరిశోధకులు కనుగొన్న సంగతి.

ట్రెంబ్లే 1757 లో జెనీవాకు మరలివచ్చి గృహస్థుడై, బాలుర విద్యనుగూర్చి గ్రంథములు వ్రాయుచు కాలము గడపి, 1784 మే 12 న మరణించెను.